లోటు బడ్జెట్టుకు కారణం ఓటేనా? – కొన్ని పాత లెక్కలు

మన సంఘం సమావేశాల్లో కరువు భృతి బకాయిల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక మాట తప్పకుండా వినబడుతుంది. "ఈ ఓట్ల రాజకీయాలు ఉన్నంతకాలం ఖజానా బాగుపడదండీ. నాలుగు రోజులు నిలవని ప్రభుత్వాలు, నలభై వాగ్దానాలు! గట్టి ప్రభుత్వం ఒకటి వచ్చి, ఎవరినీ అడగకుండా పదేళ్ళు పనిచేస్తే తప్ప ఈ లోటు పూడదు" అని. అనేవారు అనుభవజ్ఞులు, నాకంటె పెద్దలు కూడా. కనుక ఆ మాటను తేలిగ్గా తీసిపారేయడానికి వీల్లేదు. అయితే 1973లో ఎల్.డి.సి.గా చేరి, 2009లో పదవీ విరమణ చేసేవరకు జమాఖర్చుల కాగితాల మధ్యనే గడిపిన నాకు ఒక అలవాటు మిగిలిపోయింది. బిల్లు ఎంత అందంగా రాసినా, ఓచరు చూడనిదే పాసు చేయబుద్ధి కాదు. పై మాటకు కూడా చరిత్రలో ఓచర్లు ఏమైనా ఉన్నాయా అని వెతికి చూశాను. దొరికినవాటిని ఈ ప్రత్యేక సంచిక ద్వారా సభ్యుల ముందుంచుతున్నాను.

లోటు అంటే ఏ లోటు?

ముందు మాటల్లో స్పష్టత ఉండాలి. ఇంటి లెక్కలో చెప్పుకుందాం. నెలకు వంద రూపాయలు వచ్చే మనిషి నూట ఇరవై ఖర్చు పెడితే ఇరవై అప్పు చేయాలి. ఆ ఇరవయ్యే ద్రవ్యలోటు. ఆ ఇరవైతో ఒక గది కట్టి అద్దెకిస్తే అప్పు తీరే దారి ఉంటుంది. పప్పూ బియ్యానికే పోతే మరునెల వడ్డీ కూడా కలుస్తుంది. రోజువారీ ఖర్చుకే రాబడి చాలకపోతే దానిని రెవెన్యూ లోటు అంటారు. అప్పు చేసి పప్పు కూడు అని మన పెద్దలు వెక్కిరించినది ఈ రెండో రకాన్నే.

ప్రభుత్వానికీ ఇంటికీ ఒక తేడా ఉంది. ఇంట్లో అప్పు చేసినవాడే తీరుస్తాడు, లేదా వాడి కొడుకు తీరుస్తాడు. ప్రభుత్వంలో అప్పు చేసేవారు ఒకరు, తీర్చవలసివచ్చేది మరొకరు. అయిదేళ్ళకో, ఏడాదికో, ఒక్కొక్కసారి నెలకో మనుషులు మారిపోతారు. దిగిపోతున్నవాడు చేసిన ఖర్చు వచ్చేవాడి పద్దులో పడుతుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్లన్నమాట. అస్థిరతకూ లోటుకూ సంబంధం ఇక్కడే మొదలవుతుంది.

ఈ సంగతి ఆర్థికశాస్త్రజ్ఞులు కూడా పరిశీలించారు. నూరియెల్ రూబిని, జెఫ్రీ శాక్స్ అనే ఇద్దరు 1989లో పారిశ్రామిక దేశాల లెక్కలు తీసి, ప్రభుత్వాల సగటు ఆయుష్షు తక్కువగా ఉన్నచోట, సంకీర్ణంలో పార్టీలు ఎక్కువైనచోట లోట్లు పెద్దవిగా ఉన్నాయని చూపించారు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలనుకునేవాడు నూనె ఎవరిదని చూడడు కదా! ఇంతవరకు మన మిత్రుల మాటకు బలమే చేకూరుతున్నది. మన దేశపు పద్దులు కూడా ఇదే చెబుతాయా?

మన రాష్ట్రపు అనుభవం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో మొదలుపెడదాం. 1978 నుంచి 1983 జనవరి వరకు ఒకే పార్టీ పాలనలో నలుగురు ముఖ్యమంత్రులు మారారు. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి గార్లు. శాసనసభలో మెజారిటీకి కొదవ లేదు. కాని కుర్చీకి మాత్రం నిలకడ లేదు. అస్థిరత అనేది సీట్ల సంఖ్యలోనే ఉండదని దీన్నిబట్టి తెలుస్తుంది.

1983 జనవరిలో ఎన్.టి.రామారావు గారు వచ్చారు. కిలో రెండు రూపాయల బియ్యం ఆ ఏడాదే మొదలయింది. కేంద్రం ఇచ్చే బియ్యం ధర ఏటేటా పెరిగినకొద్దీ తేడా రాష్ట్ర ఖజానా మీద పడుతూ వచ్చింది. ఆ పథకాన్ని వెక్కిరించే ఉద్దేశం నాకు లేదు. రేషను షాపు ముందు సంచులతో నిలబడిన ఆడవాళ్ళను చూసినవాడెవడూ దాన్ని దుబారా అనలేడు. బియ్యం ఇవ్వడం తప్పు కాదు. దాని ఖర్చు ఏ రాబడి నుంచి వస్తుందో ఏటేటా ప్రజలకు చెప్పకపోవడమే చిక్కు.

అదే ఏడు మన ఉద్యోగుల నెత్తిన పిడుగు పడింది. పదవీ విరమణ వయస్సు 58 నుంచి 55కు తగ్గింది. వేలమంది ఒక్కసారి ఇళ్ళకు వెళ్ళారు. వారికివ్వవలసిన గ్రాట్యుటీ, కమ్యుటేషన్ అన్నీ ఒకేసారి ఖజానా మీద పడ్డాయి. 1984లో మళ్ళీ 58 అయింది. ఆ 1984లోనే ఆగస్టు 16న ప్రభుత్వం పడిపోయి నాదెండ్ల భాస్కరరావు గారు ముఖ్యమంత్రి కావడం, సరిగ్గా నెల తిరిగేసరికి సెప్టెంబరు 16న రామారావు గారు తిరిగి రావడం మనందరికీ తెలిసినదే. ఒక విధానం నిలబడకముందే మరొకటి వస్తే రెండింటి ఖర్చూ ఖజానాదే.

1989 నుంచి 1994 వరకు మళ్ళీ ముగ్గురు ముఖ్యమంత్రులు. ఈ మధ్యలో చెప్పుకోదగిన మరో సంగతి జరిగింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడపడుచులు సారా వద్దని లేచారు. ఆ ఉద్యమం జిల్లాలకు జిల్లాలు పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలయింది. ఆ కన్నీళ్ళు తుడవడం ప్రజాస్వామ్యం చేసిన ఘనకార్యం. అందులో సందేహం లేదు. కాని ఎక్సయిజు పద్దులో వచ్చే రాబడి ఆగిపోయింది. 1994 ఎన్నికల తరువాత రెండు రూపాయల బియ్యం మళ్ళీ వచ్చింది. రాబడి ఒక చేత్తో మూసి, ఖర్చు మరో చేత్తో తెరిచినప్పుడు మధ్యలో ఏం చేయాలో ఎన్నికల వేదికల మీద ఎవరూ చెప్పలేదు.

రాష్ట్రాలకు నోట్లు అచ్చువేసే సౌకర్యం లేదు. రిజర్వు బ్యాంకు వద్ద వేస్ అండ్ మీన్స్ అడ్వాన్సు తీసుకోవాలి. అది దాటితే ఓవర్‌డ్రాఫ్టు. 1985 అక్టోబరు నుంచి ఆ ఓవర్‌డ్రాఫ్టు వరుసగా ఏడు పని దినాలు మించితే బ్యాంకు చెల్లింపులు ఆపేస్తుందన్న నిబంధన వచ్చింది. తరువాత ఆ గడువు కొంత పెంచారు. దీని ఫలితం కౌంటరు ఇవతల ఉన్న మాకు బాగా తెలుసు. బిల్లుకు టోకెను వేసి తీసుకుంటాం, కాని పాసు చేయడానికి లేదు. జీతాలు, పెన్షన్లు తప్ప తక్కినవన్నీ ఆపమని మౌఖిక ఆదేశం. కంటింజెంటు బిల్లు కోసం, మెడికల్ రీయింబర్సుమెంటు కోసం, కూతురి పెళ్ళికి పెట్టుకున్న జి.పి.ఎఫ్. అడ్వాన్సు కోసం మనుషులు గడప అరిగేలా తిరిగేవారు. లోటు అనే మాట పత్రికల్లో శాతాల్లో కనబడుతుంది. కౌంటరు దగ్గర మాత్రం అది ఫలానా మనిషి ముఖంలో కనబడుతుంది.

1995 సెప్టెంబరులో చంద్రబాబునాయుడు గారు ముఖ్యమంత్రి అయ్యాక, 1996లో రాష్ట్ర ఆర్థిక పరిస్థితి మీద శ్వేతపత్రాలు వెలువడ్డాయి. బియ్యం ధర 3 రూపాయల 50 పైసలయింది. కరెంటు చార్జీలు పెరిగాయి. 1997లో మద్యనిషేధం సడలింది. ఆ నిర్ణయాలు సరైనవా కావా అన్నది ఈ వ్యాసం పని కాదు. ఖాతా పుస్తకం ఒకసారి బజారులో తెరిచి పెట్టక తప్పలేదన్నదే ఇక్కడ గమనించవలసినది.

ఢిల్లీ లెక్క వేరు

ఇక కేంద్రానికి వద్దాం. మన మిత్రుల సిద్ధాంతం నిజమైతే, స్వాతంత్ర్యానంతరం లోకసభలో అతి పెద్ద మెజారిటీ ఉన్న ప్రభుత్వమే ఖజానాను అందరికంటె బాగా చూసుకోవాలి. 1984 డిసెంబరు ఎన్నికల్లో రాజీవ్ గాంధీ గారి పార్టీకి 400కు పైగా స్థానాలు వచ్చాయి. అడ్డుపడేవాడు లేడు. కాని కేంద్రం ద్రవ్యలోటు 1986-87 నాటికే జాతీయోత్పత్తిలో 8 శాతం దరిదాపులకు చేరింది. రక్షణ ఖర్చు, సబ్సిడీలు, నాలుగో వేతన సంఘం, అన్నింటినీ మించి పాత అప్పుల మీద వడ్డీ. బలమైన ప్రభుత్వం బలంగానే అప్పు చేసింది.

1989 డిసెంబరులో వి.పి.సింగ్ గారి మైనారిటీ ప్రభుత్వం వచ్చింది. 1990లో పదివేల రూపాయల వరకు రైతు రుణాల మాఫీ ప్రకటించారు. ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించడంతో చమురు ధర ఎగసింది. నవంబరులో ప్రభుత్వం పడిపోయింది. పార్టీ నుంచి చీలివచ్చిన కొద్దిమంది సభ్యులతో, బయటివారి మద్దతుతో చంద్రశేఖర్ గారు ప్రధాని అయ్యారు. 1991 మార్చి 4న ఆర్థికమంత్రి యశ్వంత్ సిన్హా గారు పూర్తి బడ్జెట్టు పెట్టలేక మధ్యంతర బడ్జెట్టుతో సరిపెట్టవలసివచ్చింది. రెండు రోజులకు ప్రధాని రాజీనామా చేశారు.

బడ్జెట్టు లేని ప్రభుత్వాన్ని నమ్మి అప్పు ఇచ్చేదెవరు? విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడేంతకు పడిపోయింది. మే నెలలో 20 టన్నుల బంగారం తిరిగి కొనుక్కునే షరతు మీద స్విట్జర్లాండు బ్యాంకుకు పోయింది. జులైలో దాదాపు 47 టన్నులు ఇంగ్లండు, జపాన్ కేంద్ర బ్యాంకుల అప్పుకు తాకట్టయింది. ఇంట్లో పుస్తెలతాడు తాకట్టు పెట్టినంత సిగ్గుగా ఆ రోజుల్లో జనం దాని గురించి మాట్లాడుకున్నారు.

ఈ ఘట్టాన్ని చూసి అస్థిరత వల్లే సంక్షోభం వచ్చిందనడం సగం నిజం. సంక్షోభం పేలినది బలహీన ప్రభుత్వాల చేతుల్లో. మందుగుండు కూరినది మాత్రం చాలావరకు అంతకుముందు అయిదేళ్ళలో, ఎదురులేని ప్రభుత్వం నాడు. 1991 జులై 24న మన్మోహన్ సింగ్ గారు తమ బడ్జెట్టు ప్రసంగంలో చెప్పిన లెక్క కూడా అదే. 1970ల నడుమ 4 శాతం ఉన్న ద్రవ్యలోటు 1980ల మొదట్లో 6 శాతమై, 1990-91లో 8 శాతం దాటిందన్నారు. కేంద్రం పెట్టే మొత్తం ఖర్చులో దాదాపు అయిదో వంతు వడ్డీకే పోతున్నదన్నారు. అది ఒక్క ఏడాదిలో పుట్టిన రోగం కాదు.

మైనారిటీ ప్రభుత్వం చేసిన పని

ఆ బడ్జెట్టు పెట్టిన ప్రభుత్వం ఎటువంటిది? ప్రధాని మన పి.వి.నరసింహారావు గారు. ఆయన పార్టీకి లోకసభలో సగం స్థానాలు కూడా లేవు. జూన్ 21న ప్రమాణం చేసిన ప్రభుత్వం, జులై మొదటి వారంలోనే రెండుసార్లు రూపాయి విలువ తగ్గించింది. ఎగుమతి సబ్సిడీ ఎత్తివేసింది. 1991-92లో ద్రవ్యలోటు 6 శాతం లోపుకు దిగింది. ఎదురులేని మెజారిటీ చేయలేనిది మెజారిటీ లేని ప్రభుత్వం చేసింది.

ఎవరినీ అడగకుండా చేయలేదు. ఎరువుల ధర 40 శాతం పెంచాలని బడ్జెట్టులో పెట్టారు. సభలోనూ, స్వపక్షంలోనూ గగ్గోలు లేచింది. పెంపును 30 శాతానికి తగ్గించి, సన్నకారు, చిన్నకారు రైతులకు మినహాయింపు ఇచ్చారు. అనుకున్నంత ఆదా కాలేదు. కాని ఆ భారం మోయలేనివాడి నెత్తిన పడకుండా ఆ గగ్గోలే కాపాడింది. ప్రజాస్వామ్యంలో లోటు తగ్గించడం నిదానంగా జరుగుతుంది, బేరంతో జరుగుతుంది. ఆ బేరంలో చిన్న రైతుకూ ఒక మాట ఉంటుంది.

న్యాయంగా చెప్పాలంటే ఆ తగ్గింపు పూర్తిగా నిలబడలేదు. 1993-94లో లోటు మళ్ళీ 7 శాతం దాపుకు పోయింది. ఆ ఏడాది జులైలోనే ఆ ప్రభుత్వం అవిశ్వాస తీర్మానాన్ని 265-251 ఓట్లతో గట్టెక్కింది. ఆ ఓట్ల కథ తరువాత కోర్టులకెక్కింది. సంక్షోభం కళ్ళ ముందున్నప్పుడు వచ్చే బుద్ధి, అది దాటగానే సన్నగిల్లుతుందన్నమాట.

శుక్రవారం కుళాయి

ఇక అన్నిటికంటె ముఖ్యమైన ఓచరు ఇది. 1955లో కేంద్రానికీ రిజర్వు బ్యాంకుకూ మధ్య ఒక ఏర్పాటు జరిగింది. శుక్రవారం నాడు కేంద్రం నిల్వ 50 కోట్ల రూపాయలకు తగ్గితే, తక్కిన రోజుల్లో 4 కోట్లకు తగ్గితే, దానంతటదే అడ్‌హాక్ ట్రెజరీ బిల్లు పుట్టి ఆ లోటు భర్తీ అయిపోతుంది. తాత్కాలిక సర్దుబాటు కోసం పెట్టిన ఈ కుళాయి కాలక్రమేణా కట్టడం మరిచిన కుళాయి అయింది. దానికి పార్లమెంటులో ఓటు అక్కర లేదు, చర్చ అక్కర లేదు. నోట్లు పెరిగి, ధరలు పెరిగి, చివరకు జీతగాడి చేతిలోని రూపాయి చిక్కిపోయేది.

కుళాయి పెట్టిన 1955లో ఉన్నది నెహ్రూ గారి ప్రభుత్వం. అంతటి స్థిరత్వం మళ్ళీ మన దేశం చూసిందా? కట్టినది ఎవరు? 1994 సెప్టెంబరులో పి.వి. ప్రభుత్వం దీనికి పరిమితి పెడుతూ రిజర్వు బ్యాంకుతో ఒప్పందం చేసుకుంది. 1997 మార్చిలో మరో ఒప్పందం కుదిరి, ఏప్రిల్ 1 నుంచి అడ్‌హాక్ బిల్లులు పూర్తిగా రద్దయ్యాయి. అప్పుడున్నది పలు పార్టీల యునైటెడ్ ఫ్రంటు ప్రభుత్వం. ఏ రోజు పడుతుందో తెలియని ప్రభుత్వం. తాను ఎల్లకాలం ఉంటాననుకునేవాడికి కుళాయి మీద మోజు ఉంటుంది. రేపు అది ఎదుటివాడి చేతిలో పడుతుందని తెలిసినవాడు దానికి బిరడా వేయడానికి ఒప్పుకుంటాడు. బలహీన ప్రభుత్వాల వల్ల ఇటువంటి మేలు కూడా జరుగుతుందని మన పెద్దలు గమనించాలి.

అదే 1997లో మన వర్గానికి సంబంధించిన లెక్క కూడా ఒకటుంది. అయిదో వేతన సంఘం జీతాలు పెంచమని చెప్పింది, సిబ్బందిని పదేళ్ళలో 30 శాతం తగ్గించమని కూడా చెప్పింది. నిలకడ లేని ప్రభుత్వం మొదటిది అమలు చేసింది, రెండవది పక్కన పెట్టింది. మన సంఘాలు అడిగినది న్యాయమే. అయినా బిల్లు వాయిదా వేసే అలవాటు రైతు దగ్గరో, రేషను కార్డు దగ్గరో మాత్రమే ఉందని మనం అనుకోకూడదు కదా.

చట్టమూ, దాని సెలవులూ

ప్రభుత్వం చేసే అప్పుకు పార్లమెంటు చట్టం ద్వారా హద్దు పెట్టవచ్చునని రాజ్యాంగం 292వ అధికరణం మొదటినుంచీ చెబుతూనే ఉంది. యాభై ఏళ్ళకు పైగా దాన్ని ఎవరూ వాడలేదు. 2003లో వాజ్‌పేయి గారి సంకీర్ణ ప్రభుత్వం ద్రవ్య బాధ్యత చట్టం తెచ్చింది. 2004లో వచ్చిన మరో సంకీర్ణం దాన్ని అమల్లో పెట్టింది. 2007-08 నాటికి కేంద్రం ద్రవ్యలోటు దాదాపు 2.5 శాతానికి దిగింది. రెండు ప్రభుత్వాలూ ఒంటరి మెజారిటీ లేనివే.

మరుసటి ఏడాది 2008-09లో అది 6 శాతమయింది. రైతు రుణ మాఫీ, ఆరో వేతన సంఘం, ప్రపంచ ఆర్థిక మాంద్యం, ముందున్న 2009 ఎన్నికలు అన్నీ కలిశాయి. 2020-21లో కరోనా వల్ల 9 శాతం దాటింది. అప్పుడున్నది సొంత మెజారిటీ గల ప్రభుత్వమే. ఆపదలో లోటు పెరగడం నేరం కాదు. ఇల్లు కాలుతున్నప్పుడు నీళ్ళ బిల్లు చూడం. తిరిగి దించుతున్నారా, అన్నది అడగాలి. 2024-25 నాటికి అది 5 శాతం లోపుకు వచ్చింది.

కాని ఆ కరోనా కాలంలో మన పద్దులో ఏం జరిగిందో కూడా గుర్తుచేసుకోవాలి. 2020 జనవరి, జులై, 2021 జనవరి నాటి మూడు వాయిదాల కరువు భత్యాన్ని కేంద్రం స్తంభింపజేసింది. ఆ 18 నెలల బకాయి ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 మార్చి జీతాలు, పెన్షన్లలో కొంత భాగం వాయిదా పడింది. విషయం హైకోర్టుకు వెళ్ళింది, వడ్డీతో చెల్లించాలని తీర్పు వచ్చింది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వడ్డీని 6 శాతంగా ఖాయం చేసింది. పదవీ విరమణ వయస్సు సంగతీ అంతే. తెలంగాణలో 2021లో 61 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60, 2022లో 62 అయింది. వయస్సు పెరిగినన్నాళ్ళు గ్రాట్యుటీ, కమ్యుటేషన్ బిల్లులు ముందుకు జరుగుతాయి. 2021, 2022 నాటి ఆ రెండు ప్రభుత్వాలకూ శాసనసభల్లో భారీ మెజారిటీలున్నాయి. బిల్లు రేపటికి నెట్టడానికి బలహీనులే కానక్కరలేదు.

ఎవరినీ అడగని ప్రభుత్వం

ఎవరినీ అడగకుండా పనిచేసే ప్రభుత్వాన్ని కూడా మనం ఒకసారి చూశాం. ధరలు అదుపు చేయడానికని 1974లో ఆర్డినెన్సు తెచ్చి, పెరిగిన కరువు భత్యంలో సగం నిర్బంధ డిపాజిట్టు కింద పట్టుకున్నారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్త అది. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చాక దాని గురించి గేటు సమావేశం పెట్టడానికి కూడా లేకపోయింది. అదే 1975లో ఆర్డినెన్సుతో కార్మికుల కనీస బోనస్ 8.33 శాతం నుంచి 4 శాతానికి దిగింది. 1977లో ఓటు మాట్లాడాక 8.33 తిరిగి వచ్చింది. నోరు లేని చోట లోటు పూడదని నేను అనను. పూడవచ్చు. కాని ఎవరి జేబులోంచి పూడుతుందో నిర్ణయించేటప్పుడు జేబు గలవాణ్ణి అడగరు.

పెన్షను దయాధర్మం కాదు, హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తేదీనే మనం పెన్షనర్ల దినంగా జరుపుకుంటున్నాం. హక్కును అడిగే చోటు ఉంటేనే అది హక్కు. ఓటు, సభ, కోర్టు, ఆడిట్ – ఈ నాలుగూ తీసేసి స్థిరత్వం ఒక్కటే మిగిల్చుకుంటే, మొట్టమొదట వాయిదా పడేది సమ్మె చేయడానికి పని కూడా లేని మనబోటి ముసలివాళ్ళ బిల్లే.

తేలిన నిల్వ

ఈ ఓచర్లన్నీ కూడి చూస్తే నాకు తేలినది ఇది. కుర్చీకి నిలకడ లేనప్పుడు ఖర్చు ముందుకు, బిల్లు వెనక్కు పోతుందన్న మాట నిజమే. 1991 మార్చి అందుకు సాక్ష్యం. కాని బలమైన ప్రభుత్వం ఖజానాను కాపాడుతుందన్న మాటకు మాత్రం సాక్ష్యం దొరకలేదు. 1980ల లెక్క దానికి ఎదురు తిరుగుతున్నది. లోటు పెరిగేది బిల్లు మరొకడు కడతాడన్న ధీమా వల్ల. ఆ ధీమా 60 సీట్లవాడికీ ఉంటుంది, 400 సీట్లవాడికీ ఉంటుంది. అది తగ్గేది ఖాతా బయటపడినప్పుడు. శుక్రవారం కుళాయి ఓటుకు కనబడకుండా పారింది కాబట్టే నలభై ఏళ్ళు పారింది.

ప్రభుత్వం మారినప్పుడు ఖాతా బయటపడుతుంది. 1996 తరువాత మళ్ళీ 2023 డిసెంబరులో తెలంగాణలోనూ, 2024 జులైలో ఆంధ్రప్రదేశ్‌లోనూ కొత్త ప్రభుత్వాలు శ్వేతపత్రాలు పెట్టాయి. దిగిపోయినవారు వాటిని ఖండించారు. రెండూ సహజమే. శ్వేతపత్రం కక్షిదారుడి వాంగ్మూలం వంటిది. దాని పక్కన కాగ్ నివేదిక పెట్టుకుని చదవాలి. కార్పొరేషన్ల పేరుతో, ప్రభుత్వ గ్యారంటీతో బడ్జెట్టుకు వెలుపల చేసే అప్పులే ఈనాటి శుక్రవారం కుళాయిలని ఆ నివేదికలు చదివినవారికి తెలుస్తుంది.

కనుక మన సంఘాలకు నాదొక విన్నపం. బకాయిలు ఎప్పుడు అని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. బడ్జెట్టుకు వెలుపలి అప్పెంత, గ్యారంటీలెంత, చెల్లించని బిల్లులెన్ని, వాటిలో మనవెన్ని అని ప్రతి మార్చిలోనూ లిఖితపూర్వకంగా అడుగుదాం. కాగ్ నివేదికలు సకాలంలో సభ ముందు పెట్టమని మన శాసనసభ్యులకు వినతిపత్రాలు ఇద్దాం. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉండనే ఉంది. దరఖాస్తు రాయడం, రిమైండరు పంపడం మనకంటె బాగా తెలిసినవారెవరు? గట్టి ప్రభుత్వం కోసం ఎదురు చూడడం కంటె, గట్టిగా లెక్క అడిగే పౌరులుగా ఉండడం మన చేతిలో పని. ముప్పయ్యేళ్ళకు పైగా ఇతరుల బిల్లులకు అభ్యంతరాలు రాసిన చేతులు మనవి. ప్రభుత్వం బిల్లుకు కూడా ఒకటి రాయగలవు.